బంతి తిరిగి వచ్చే దారి

కాగితం మిల్లులో పొద్దుటి షిఫ్టు వాళ్ళకి కుషిదా మోరియో అంటే చప్పుడుకి ఉలిక్కిపడే మనిషి. యంత్రం మీద పరుగెత్తే కాగితం మధ్యలో తెగిందంటే చెంప మీద కొట్టినట్టు ఛెళ్ళుమని శబ్దం వస్తుంది. అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళు ఆ శబ్దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశారు. కుషిదా మాత్రం చేతిలో ఉన్నది వదిలేసి ఎడమ చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆ తర్వాత అదే చేత్తో చెమట తుడుచుకుంటున్నట్టు కనిపించేవాడు. పక్కవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

మధ్యాహ్నం దాటాక మిల్లు వెనక మైదానంలో అతను వేరే మనిషి. మిల్లు బేస్‌బాల్ జట్టుకి బంతి విసిరే నమ్మకమైన పిచర్ అతనే. సముద్రం మీంచి గాలి తిరిగితే ఉడికిన కలపగుజ్జు వాసన మైదానమంతా కమ్ముకునేది. ఆ వాసనలో, మైదానం పక్క మెట్ల మీద కూర్చుని ఊరివాళ్ళు అతని ఆట చూసేవారు. వాళ్ళు అతనికి పెట్టిన పేరు ఏడు మొహాల కుషిదా.

ఆ పేరుకి కారణం ఉంది. ఒక బంతికి మోకాలు ఛాతీ దాకా ఎత్తి, కొంగలా ఒంటికాలి మీద ఆగిపోయేవాడు. బ్యాటరు ఊపిరి బిగబట్టి, ఇక పట్టలేక వదిలేసిన క్షణాన బంతి విసిరేవాడు. తర్వాతి బంతికి కాలు ఎత్తేవాడే కాదు. బ్యాటరు వెనక కూర్చున్న క్యాచరు సైగ చేసిందే తడవు చెయ్యి విసురుగా వచ్చేసేది. ఒకటి చెవి మీంచి వేస్తే, ఒకటి నడుం పక్క నుంచి వేసేవాడు. ఇంకొకటి వేళ్ళ కణుపులు మట్టికి రాసుకుంటాయా అన్నంత వంగి కింద నుంచి వేసేవాడు. వేగం చెప్పుకోదగ్గది కాదు. అయినా ఎదురుగా నిలబడ్డవాడికి అతని ఒంట్లోంచి బంతి ఏ తలుపు తీసుకుని బయటికొస్తుందో అంతుపట్టేది కాదు.

"ఒరేయ్, ఇన్ని వేషాలేస్తున్నావు, ఇంటికెళితే మీ ఆవిడ నిన్ను గుర్తుపడుతుందా?" అనేవాడు క్యాచర్ షిరాయిషి. ఇద్దరూ ఒకే ఏడాది మిల్లులో చేరారు. ఒకే గదిలో బ్రహ్మచారి రోజులు గడిపారు. కుషిదాకి తెలివి ఎక్కువని షిరాయిషి నమ్మకం. ఊరి నమ్మకమూ అదే.

తెలివి అందులో కొంచెమే ఉంది. తక్కినదంతా భయం.

బంతి విసరడానికి అతనికి భయం లేదు. విసిరిన బంతి తిరిగి వస్తుందేమోనని భయం.

కొన్నేళ్ళ కిందట అతనికి ఉన్న తీరు ఒక్కటే. పైనుంచి, నీళ్ళు పోసినట్టు సాఫీగా వేసేవాడు. అప్పటికే ఉద్యోగుల జట్లన్నిటిలో చెక్క బ్యాట్లు పోయి లోహపు బ్యాట్లు వచ్చాయి. ఒక వేసవిలో పక్క ఊరి ఓడల కార్ఖానా జట్టుతో ఆట. బ్యాటు పట్టుకున్నవాడు సొగో. భుజాలు వెడల్పు, మాట తక్కువ, బంతిని వచ్చిన దారినే తిప్పికొట్టడంలో పెట్టింది పేరు. కుషిదా విసిరిన బంతి మంచిదే. కింగ్ అని బ్యాటు మోగింది. ఆ శబ్దం వినడం అతనికి గుర్తుంది, బంతిని చూడటం గుర్తులేదు. మధ్యలో ఉన్నదంతా తెలుపు. కళ్ళు తెరిచేసరికి నోటినిండా ఉప్పగా ఉంది, ఎవరో తన పేరు పిలుస్తున్నారు.

ఎడమ కంటి కింద ఎముక విరిగింది. కన్ను దక్కింది. కట్టు విప్పిన రోజున డాక్టరు, పక్కనే ఉన్న కుషిదా భార్య తొమియే వైపు కూడా చూసి, ఇంకోసారి అదే చోట తగిలితే ఆ కంటికి తాను పూచీ పడలేనని చెప్పాడు. ఇంటికి వెళ్ళే దారంతా తొమియే భర్తకి ఎడమ పక్కనే నడిచింది. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఎక్కడికి వెళ్ళినా ఆమె స్థానం అదే.

సొగో ఆస్పత్రికి వచ్చాడు. పెట్టెలో పెట్టిన ఖరీదైన కర్బూజాపండు తెచ్చాడు. గుమ్మంలోనే నడుం వంచి, లేవమన్నా లేవలేదు. అప్పుడు కుషిదా మంచం మీద లేచి కూర్చుని, కట్టు ఉన్న తలని అంతకంటే కిందికి వంచాడు. గ్లవ్ ఎత్తడంలో ఆలస్యం చేసింది తానేననీ, తప్పంతా తనదేననీ, మంచి దెబ్బకి అడ్డం పడి ఆట పాడుచేసినందుకు క్షమించమనీ అన్నాడు. సొగో మొహం పాలిపోయింది. ఏదో అనబోయి, అనలేక, ఇంకోసారి వంగి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"ఎందుకండీ అలా అన్నారు?" అంది తొమియే, పండు కొయ్యకుండా చేతిలో పట్టుకుని.

"మరేమనమంటావు?"

ఆమె పండుని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఆ ఊళ్ళో ఎవరైనా అలాగే అని ఉండేవారు.

ముఖం మానాక అతను మళ్ళీ మైదానంలోకి దిగాడు. పిచర్ నిలబడే మట్టి దిబ్బ మామూలుగా మనిషికి ఎత్తునిస్తుంది. ఇప్పుడు ఎక్కితే మాత్రం ఊరందరి మధ్యా బట్టల్లేకుండా నిలబడ్డట్టుంది. బ్యాటు కదలడం చూడగానే ఒళ్ళు దానంతటదే ముడుచుకుపోయేది. బంతి చేతిలోంచి జారకముందే మొహం పక్కకి తిరిగేది. ఒక రోజు సాధనలో భయం మరీ ఎక్కువై, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. దింపలేకపోయాడు. ఎదురుగా ఉన్నవాడు తొందరపడి ముందుకు ఒరిగాడు. చివరికెలాగో కాలు దించి విసిరితే బ్యాటు కొసకి తగిలి బంతి గడ్డిలో పిల్లిలా నడుచుకుంటూ పోయింది.

షిరాయిషి మొహానికి అడ్డమున్న జాలీ ముసుగు పైకి తోసి, ఎక్కడ నేర్చుకున్నావురా ఈ దొంగవేషం అని పగలబడి నవ్వాడు. కుషిదా కూడా నవ్వాడు. ఆ సాయంత్రం స్నానపు తొట్టిలో నీళ్ళు చల్లారేదాకా కూర్చుని ఒకే సంగతి ఆలోచించాడు. లయ తప్పినవాడు బంతిని గట్టిగా తిప్పి కొట్టలేడు. వాడి ఊపిరి చెదరగొడితే చాలు, బంతి తన మొహం దాకా రాదు.

అలా ఒక్కొక్క తీరూ వచ్చింది. ఏ బ్యాటరుని చూస్తే గుండె ఎక్కువ కొట్టుకునేదో వాడికోసం కొత్తది కనిపెట్టేవాడు. ఊరు చప్పట్లు కొట్టింది. పత్రికవాళ్ళు ఫొటోలు వేశారు. ఈ రహస్యం బయటపడితే మళ్ళీ దిబ్బ ఎక్కలేననే మరో భయం మొదటి భయం పక్కన వచ్చి కూర్చుంది.

ఓడల కార్ఖానాతో ఆట ఉన్నప్పుడల్లా అతను సొగోకి అన్ని మొహాలూ చూపించేవాడు. సొగో ప్రతిసారీ బంతిని ఎడమ పక్కకే లాగేవాడు. చాలాసార్లు బంతి హద్దు గీత బయట పడేది. కంచె దాటే హోమ్ రన్‌ల మీద ఆశ పుట్టి సొగో పాడైపోయాడని జనం చెప్పుకున్నారు.

అలా కొన్నేళ్ళు గడిచాక ఒక వేసవిలో ప్రాంతీయ పోటీల చివరి ఆటలో మిల్లు ఓడిపోయింది. ఓడల కార్ఖానా దేశమంతటి పోటీలకి టోక్యో వెళ్ళే హక్కు గెలుచుకుంది. అక్కడితో ఆ ఏడాదికి తన బతుకు గట్టెక్కిందనుకున్నాడు కుషిదా. అయితే ఉద్యోగుల ఆటలో ఒక ఆచారం ఉంది. గెలిచిన జట్టు, తాను ఓడించిన జట్ల నుంచి కావలసిన వాళ్ళని కొందరిని అరువు తీసుకుని టోక్యో తీసుకెళ్ళవచ్చు. నిన్నటి దాకా ఎవరిని తిట్టామో వాళ్ళ చొక్కా తొడుక్కుని వాళ్ళకోసం ఆడాలి. పిలుపు రావడం గౌరవం. ఓడల కార్ఖానా మేనేజర్ ముకై ఫోన్ చేసి మొదట అడిగిన పేరు కుషిదా.

షిఫ్టు మొత్తం యంత్రాల మోతలో అతని చుట్టూ మూగి అభినందించింది. సెక్షన్ అధికారి వంగి దండం పెట్టాడు. కుషిదా కూడా అందరికీ వంగి దండాలు పెడుతూనే ఉన్నాడు. లోపల మాత్రం ఒక్క పేరే తిరుగుతోంది, సొగో.

"వద్దని చెప్పలేరా?" అంది తొమియే అన్నం గిన్నె అందిస్తూ.

"ఇంతవరకూ అలా చెప్పినవాడు లేడు."

"మీరు చెప్పండి."

అతను అన్నం తిన్నాడు. మర్నాడు సంచి సర్దుతున్నప్పుడు ఆమె మడతపెట్టిన చొక్కానే మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

ఓడల ఊరు రైల్లో దగ్గరే. రేవులో క్రేన్లు ఆకాశాన్ని గీకుతూ ఉంటాయి. అరువు చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది, వేరే సబ్బు వాసన వేస్తోంది. సొగో మర్యాదగా వంగాడు, కుషిదా మర్యాదగా వంగాడు. భోజనాల దగ్గర ఒకే బల్లకి ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. మిరప్పొడి డబ్బా కావాలన్నా మధ్యవాళ్ళని అడిగేవారు.

అసలు రోజు త్వరలోనే వచ్చింది. సాధనలో కొంత భాగం నిజమైన ఆటలా సాగుతుంది. ఫీల్డర్లంతా తమ తమ చోట్ల నిలబడతారు, బంతి తగలకుండా పిచర్ ముందు అడ్డం పెట్టే వల ఉండదు. ముకై మెడలో తువ్వాలు వేసుకుని కుషిదా దగ్గరికి వచ్చాడు.

"ఇదిగో ఏడు మొహాలాయనా, నీ వేషాలన్నీ టోక్యో కోసం దాచుకో. ఇవాళ మాత్రం పైనుంచి, ఒకే తీరు, ఒకే లయ. మా సొగోకి మధ్యలోకి కొట్టడం మరుపొచ్చింది. గుర్తు చెయ్యాలి."

కుషిదా అలాగేనన్నాడు. మైదానం అంచున చక్రాల వల ఒకటి ఊరికే నిలబడి ఉంది. దాన్ని ఒకసారి చూశాడు. అడిగితే ఎవరో ఒకరు తోసుకొచ్చి పెడతారు. కానీ అరువు వచ్చినవాడు, వచ్చిన కొత్తల్లోనే, నిజం ఆటలా ఆడాల్సిన చోట వల కావాలంటే మీ బ్యాటర్లంటే నాకు భయమని చెప్పినట్టే. అడగలేదు.

పైనుంచి, సాఫీగా. చాలా ఏళ్ళ తర్వాత ఆ పాత తీరు. చెయ్యి దాన్ని మరిచిపోలేదు, చెంప కూడా మరిచిపోలేదు. ఎడమ కంటి కింద అతుక్కున్న ఎముక చలికాలంలో లాగా సలపడం మొదలుపెట్టింది. క్యాచరు గ్లవ్ చాలా దూరంగా, సొగో బ్యాటు చాలా దగ్గరగా కనిపించాయి. విసిరాడు. కింగ్. అతని ఒళ్ళు సగానికి ముడుచుకుపోయింది. బంతి ఎడమ గీత అవతల ఎక్కడో పడింది.

మళ్ళీ విసిరాడు. మళ్ళీ ఎడమకే. మళ్ళీ.

"ఏరా సొగో," అని అరిచాడు ముకై, "మధ్యలో మీ అత్తగారేమైనా నిలబడిందా? అటు చూడవేం?"

మైదానమంతా నవ్వింది. నవ్వనివాళ్ళు ఇద్దరే.

అప్పుడు కుషిదాకి కనిపించింది. తన తీరు మార్చకపోవడం వల్ల, బంతి వెంట తన మనసు కూడా ఒకే దారిలో వెళ్ళడం వల్ల కనిపించింది. బంతి వచ్చే లోపలే సొగో ఎడమ కాలు బయటికి తెరుచుకుపోతోంది. భుజం దాని వెంట పోతోంది. అలాంటి కాలుతో మధ్యలోకి కొట్టాలన్నా కొట్టలేడు. అది ఆశతో తెరుచుకున్న కాలు కాదు. అలాంటి కాలు ఏమిటో కుషిదాకి తెలుసు. మొహం తిప్పుకోవడం ఎలా ఉంటుందో తెలిసినవాడు అతను.

ముందు అతని మనసు తేలికపడింది. ఇలాగే ఉంటే చాలు. తాను విసురుతూ ఉంటాడు, అతను పక్కకి కొడుతూ ఉంటాడు, కన్ను భద్రం. ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు. ఆ తేలికదనం ఒంట్లో చల్లగా దిగుతుండగానే అతనికి తన మీద తనకి వెగటు పుట్టింది. టోక్యోలో ఈ కాలు చూసిన ఏ పిచరైనా అతనికి అందని బయటి అంచుకే వేస్తాడు, సొగో పని అయిపోతుంది. ఆస్పత్రి మంచం మీద తాను వంచిన తల ఈ మనిషిని ఇన్నేళ్ళూ వంచే ఉంచింది.

దిబ్బ దిగి బ్యాటరు వైపు నడిచాడు. పిచర్ అలా బ్యాటరు దగ్గరికి వెళ్ళడం అక్కడ ఎవరూ చూసి ఎరగరు. క్యాచరు లేచి, ఇద్దరి మొహాలూ చూసి, దూరంగా జరిగాడు.

"మీ ఎడమ కాలు బయటికి పోతోంది, సొగో గారూ."

"తెలుసు."

"నా గురించేనా?"

సొగో బ్యాటు పిడికి చుట్టిన పట్టీని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. తర్వాత తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"ఆ రోజు మీరు నన్ను తిట్టుంటే బావుండేదండీ. తప్పంతా మీదేనన్నారు. ఇంక నేనేమనాలి? నా నోట్లో మాట మీరే తీసేసుకున్నారు."

"అబద్ధం చెప్పాను. అప్పుడు నొప్పితో చచ్చిపోతున్నాను, మీ మీద కోపంగా ఉంది. మర్యాదకి అలా అన్నా." కుషిదా గ్లవ్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇంకోటి కూడా అబద్ధమే. ఇన్ని రకాలుగా వేసేది తెలివితో కాదండీ. బంతి నా మీదకి రాకూడదని. ఇప్పుడు కూడా మోకాళ్ళు చూడండి."

సొగో నిజంగానే చూశాడు. పంట్లాం బట్ట సన్నగా అదురుతోంది.

"వల తెప్పిస్తాను," అన్నాడు.

"వల ఉంటే మీ కాలు మారదు. టోక్యోలో ఎవడూ వల వెనక నిలబడడు. మధ్యలోకే కొట్టండి. నేను తప్పుకుంటాను."

"తప్పుకోలేకపోతే?"

కుషిదా మైదానం అంచున ఉన్న వల వైపు ఒకసారి చూశాడు. "అప్పుడు మళ్ళీ పండు పట్రండి," అన్నాడు చివరికి. "అప్పటిది చప్పగా ఉంది."

సొగో పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వు అక్కడే ఆగిపోయింది.

వెనక్కి నడిచే ఆ కాస్త దూరంలో కుషిదా తొమియేని తలుచుకున్నాడు. ఎప్పుడూ ఆమె నడిచే ఎడమ పక్క గాలి తగిలింది. దిబ్బ ఎక్కాడు, తిరిగాడు, చేతులు ఎత్తాడు. కాలు గాలిలో ఆపేయమని ఒళ్ళంతా బతిమాలింది. ఆపలేదు. సొగో ఎడమ కాలు ఈసారి తిన్నగా అతని వైపే పడింది.

శబ్దం వినిపించేసరికి అతను మట్టిలో బోర్లా ఉన్నాడు. ఎప్పుడు పడ్డాడో, తానే పడ్డాడో బంతే పడేసిందో తెలియలేదు. టోపీ లేదు. నోట్లో మట్టి రుచి. ఉప్పగా ఉందేమోనని నాలుకతో వెతుక్కున్నాడు. ఉప్పు లేదు. కుడి కన్ను అరచేత్తో మూసి ఎడమ కంటితో చూశాడు. రేవులో క్రేన్ కనిపించింది. దాని కొసన ఎర్ర దీపం కూడా కనిపించింది.

సొగో పరుగు కోసం బేస్ వైపు వెళ్ళలేదు, బ్యాటు పారేసి దిబ్బ వైపు పరుగెత్తుకొస్తున్నాడు. వెనక నుంచి ముకై, అటు కాదురా పరుగెత్తేది అని అరుస్తున్నాడు. బంతి నడిమి మైదానం చివర కంచె దగ్గర దొర్లుతోంది.

"కనిపిస్తోందా?" అన్నాడు సొగో ఆయాసంతో.

"మీ మొహం కనిపిస్తోంది. అదేం అంత బాగాలేదు."

సొగో టోపీ ఏరి, దుమ్ము దులిపి ఇచ్చాడు. ఇద్దరూ తమ తమ చోట్లకి వెళ్ళారు. కుషిదా మళ్ళీ విసిరాడు. భయం తగ్గలేదు. తర్వాతి బంతికీ తగ్గలేదు, ఆ తర్వాతి దానికీ తగ్గలేదు. సాధన అయిపోయాక గ్లవ్ లోంచి చెయ్యి బయటికి తియ్యబోతే వేళ్ళు తెరుచుకోలేదు. ఆ మధ్యాహ్నం భోజనంలో సొగో పళ్ళెం తీసుకుని వచ్చి అతని ఎడమ పక్కన కూర్చున్నాడు. మిరప్పొడి డబ్బా జరిపాడు.

టోక్యోలో మొదటి ఆట పట్టపగలు, ఒళ్ళు ఉడికే ఎండలో జరిగింది. అవతలి జట్టు పిచర్ పొడుగాటి కుర్రాడు, పైనుంచి సాఫీగా వేస్తున్నాడు. అన్ని బంతులకీ ఒకే తీరు. ఒకప్పటి తనని చూస్తున్నట్టు కుషిదా అతన్నే చూస్తున్నాడు. తర్వాతి భాగంలో తాను దిగాలి కాబట్టి గీత పక్కన బంతులు విసురుతూ చెయ్యి వేడెక్కించుకుంటున్నాడు. సమంగా సాగుతున్న ఆటలో సొగో వంతు వచ్చింది. ఎడమ కాలు తిన్నగా పడింది.

కింగ్.

బంతి ఆ కుర్రాడి చెవి పక్క నుంచి పోయింది. టోపీ ఎగిరింది. కుర్రాడు కూలబడ్డాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడి బంతి వెంట చూస్తోంది. ముందే బేస్ మీదున్న జట్టువాడు పరుగు పూర్తిచేశాడు, ఓడల ఊరి డప్పులు మోగాయి. కుషిదా బంతిని చూడలేదు. కుర్రాణ్ణి చూస్తున్నాడు. లే, లే అని తనకి తెలియకుండానే అంటున్నాడు. మొదటి బేస్ మీద నిలబడ్డ సొగో కూడా బంతిని చూడటం లేదు. అతని చెయ్యి తలమీది శిరస్త్రాణం దాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

కుర్రాడు లేచాడు. తలని తడుముకుని, నవ్వలేక నవ్వి, టోపీ పెట్టుకున్నాడు. అప్పుడు సొగో చెయ్యి దించి, గీత పక్కనున్న కుషిదా వైపు చూశాడు. కుషిదా తల ఊపాడు.

ఆ భాగం ముగిశాక ముకై అతని పేరు పిలిచాడు. దిబ్బ ఒకటే, రెండు జట్ల పిచర్లూ దాని మీదే నిలబడాలి. కుర్రాడి బూటు మేకులు తవ్విన గుంట అక్కడింకా తాజాగా ఉంది. అతను కూలబడ్డచోట మట్టి మీద అరచేతి గుర్తు కూడా ఉంది. కుషిదా గుంటని కాలి మునివేళ్ళతో పూడ్చి, చదును చేశాడు. అరచేతి గుర్తుని తొక్కకుండా పక్కన నిలబడ్డాడు. ఎదురుగా కొత్త బ్యాటరు లోహపు బ్యాటుతో గాలిని కోస్తూ సిద్ధమవుతున్నాడు.

భయం తగ్గలేదు, కానీ టోక్యో కోసం దాచుకోమన్న వేషాలకి ఇదే చోటు. క్యాచరు సైగ చేశాడు. కుషిదా మోకాలు ఛాతీ దాకా ఎత్తి ఆగాడు.